కుక్క వెంట్రుకలు ఉతికినా పోవట్లేదు, మన ఇళ్లలో మన నీళ్లతో ఏం చేస్తే పోతాయి?

సాయినగర్ అడ్వకేట్ (అనంతపురం)

అందరికీ నమస్తే. మాది అనంతపురం. ఇంట్లో తెల్ల పమేరియన్ ఉంది, పేరు స్నోవీ. నేను కోర్టులో జూనియర్ అడ్వకేట్‌ని కాబట్టి రోజూ నల్ల కోటు తప్పదు, ఆ కోటు మీద తెల్ల వెంట్రుకలు ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి. సీనియర్ పక్కన నిలబడి వాయిదా అడుగుతున్నప్పుడు భుజం మీద, మోచేతి దగ్గర అవి అంటుకుని ఉంటే నాకే ఎలాగో ఉంటుంది. క్లయింట్ల చూపు కూడా అక్కడికే పోతుంది.

కోటు సంగతి ఒకటైతే మిగతా బట్టల సంగతి ఇంకొకటి. మాది సెమీ ఆటోమేటిక్ మెషీన్, నీళ్లు బోరువి. ఉతికి, పిండి, మిద్దె మీద ఆరేసి తీసుకొస్తే ప్యాంటు జేబుల అంచుల్లో, చుడీదార్ మెడ కుట్టులో వెంట్రుకలు ఇంకా గట్టిగా ఇరుక్కుని ఉంటాయి. కుక్క దగ్గరికే రాని మా నాన్న లుంగీల మీద కూడా కనిపిస్తున్నాయంటే మెషీన్‌లోనే ఒక బట్ట నుంచి ఇంకో బట్టకి పోతున్నట్టే కదా. పైగా ఈమధ్య మెషీన్ లోంచి నీళ్లు సన్నగా, ఆగి ఆగి పోతున్నాయి, దానికీ దీనికీ సంబంధం ఉందా అనేది కూడా తెలియాలి.

అమ్మ బాధ వేరే. పూజకి కట్టుకున్న చీర మీద ఒక్క వెంట్రుక కనిపించినా మళ్లీ స్నానం చేసి ఇంకో చీర కట్టుకుంటుంది. స్నోవీ అంటే ఆమెకి ప్రాణం, కానీ దేవుడి గది దగ్గర మాత్రం ఒప్పుకోదు. కుక్కని ఎవరికైనా ఇచ్చేయండి అని చుట్టాలు ఎలాగూ చెప్తున్నారు, దయచేసి ఆ సలహా ఇక్కడ ఎవరూ ఇవ్వొద్దు.

యూట్యూబ్‌లో చూస్తే ఉతికే ముందు బట్టల్ని పది నిమిషాలు డ్రైయర్‌లో తిప్పండి అంటారు, డ్రైయర్ షీట్ (బట్టలతో పాటు డ్రైయర్‌లో వేసే, సాఫ్ట్‌నర్ పట్టించిన పలచటి గుడ్డ) వేయండి అంటారు, వెనిగర్ అంటారు, సాఫ్ట్‌నర్ అంటారు. ఇందులో మనలాంటి ఇళ్లలో నిజంగా పనిచేసేది ఏంటో, కుక్కని పెంచుతున్నవాళ్లు చెప్పండి.


రెండు లాబ్రడార్ల ఇల్లు (కర్నూలు)

చెల్లీ, మా ఇంట్లో ఒక నల్ల లాబ్, ఒక లేత గోధుమ రంగు లాబ్ ఉన్నాయి, కాబట్టి మాకు తెల్ల బట్టా కుదరదు, నల్ల బట్టా కుదరదు. ఒక్కటే గట్టిగా పట్టుకో: వెంట్రుకని నీళ్లు తగలకముందే తీసేయాలి. ఉతకడం మురికిని వదిలిస్తుంది కానీ వెంట్రుకని వదిలించదు. మురికి నీళ్లలో కలిసి కాలవలోకి పోతుంది, వెంట్రుక కరగదు కదా, అది తడిసి మెత్తబడి, బట్టలు తిరిగేటప్పుడు మెలి తిరిగి, ఎక్కడ కుట్టు ఉంటే అక్కడ చిక్కుకుంటుంది. మీ నాన్నగారి లుంగీల మీదకి వచ్చింది కూడా అలాగే.

నేను చేసేది చెప్తాను. ముందు బట్టల్ని మిద్దె మీదకి తీసుకెళ్లి గాలికి వీపు పెట్టి నిలబడి ఒక్కొక్కటీ గట్టిగా దులుపుతాను. గాలికి ఎదురుగా నిలబడితే వెంట్రుకలన్నీ మళ్లీ మన మీదకే వస్తాయి. తర్వాత మంచం మీద పరిచి, గిన్నెలు తోమడానికి వాడే రబ్బరు గ్లౌజు ఒక చేతికి వేసుకుని, దాన్ని కాస్త తడిపి, నీళ్లు కారకుండా విదిలించి, పైనుంచి కిందకి ఒకే వైపు లాగుతాను. అటూ ఇటూ రుద్దకూడదు. ఒకే వైపు లాగితే వెంట్రుకలు రబ్బరుకి పట్టుకుని ఒకదానితో ఒకటి కలిసి, ప్యాంటు అంచు దగ్గరికి వచ్చేసరికి వేలి మందాన చిన్న చుట్టలాగా అవుతాయి, దాన్ని అలాగే ఎత్తి కవర్లో వేయడమే. జేబుల్ని బయటికి లాగి వాటి మూలలు కూడా చూడు. లాబ్ వెంట్రుక పొట్టిగా, బిరుసుగా ఉంటుంది, నేతలోకి గుచ్చుకుని నిలబడుతుంది. అలాంటివి గ్లౌజుకి రావు, ప్యాకింగ్ టేపుతో అద్ది తీయాలి. మీ పమేరియన్‌ది మెత్తటి పొడుగు బొచ్చు కాబట్టి గ్లౌజుకే చాలావరకు వచ్చేస్తుంది.

పాలిస్టర్ బట్టలకి ఎందుకంత అంటుకుంటాయో కూడా తెలుసుకుంటే మంచిది. గాలిలో తేమ తక్కువగా ఉన్నప్పుడు పాలిస్టర్, నైలాన్ లాంటి బట్టలు ఒంటికి, కుర్చీకి రాసుకుని కరెంటు పట్టుకుంటాయి, అదే వెంట్రుకని లాక్కుంటుంది. నూలు బట్ట కాస్త తేమ పీల్చుకుంటుంది కాబట్టి దానికి ఈ గొడవ తక్కువ. మీ అనంతపురం రాష్ట్రంలోనే అతి తక్కువ వాన పడే చోటు, ఎండాకాలం గాలి ఎంత పొడిగా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. గ్లౌజుని కాస్త తడపమన్నది అందుకే, ఆ కొద్ది తడికే ఆ పట్టు వదులుతుంది. ఇంట్లో వేసుకునే బట్టలు, ముఖ్యంగా కుక్కని ఒళ్లో పెట్టుకునేటప్పుడు వేసుకునే నైటీలు నూలువి కొనుక్కో, సగం పని తగ్గుతుంది.

ఇక ఉతికేటప్పుడు టబ్బు నిండా కుక్కకుండా సగమే వెయ్యి. బట్టలు నీళ్లలో విడివిడిగా తిరిగితేనే వెంట్రుక బయటికి వస్తుంది. మొదట పౌడర్ వేయకుండా ఉత్త నీళ్లతో ఐదు నిమిషాలు తిప్పి, పైకి తేలిన వెంట్రుకల్ని పాత టీ జాలీతో ఎత్తేసి, ఆ నీళ్లు వదిలేసి, అప్పుడు పౌడర్ వెయ్యి.

ఇంకో సంగతి. మన సీమలో నీళ్ల కరువుకి అందరం అలవాటు పడి, సెమీ ఆటోమేటిక్‌లో ఒకసారి పెట్టిన సబ్బు నీళ్లలోనే రెండు మూడు విడతలు ఉతుకుతాం. అందులో తప్పేం లేదు, మేమూ అదే చేస్తాం, కానీ వరస ముఖ్యం. పూజ చీరలు, నాన్నగారి లుంగీలు మొదట. మీ ఆఫీసు బట్టలు తర్వాత. కుక్క పడుకునే దుప్పటి, దాని తువ్వాలు, సోఫా కవర్లు అన్నిటికంటే చివర. అవయ్యాక టబ్బుని తడి గుడ్డతో ఒకసారి తుడిచేయాలి, లేకపోతే మర్నాడు మొదటి విడతలో పూజ చీరలకే అంటుకుంటాయి.


మెషీన్ మెకానిక్ (అనంతపురం, పాతూరు)

మేడమ్, నీళ్లు ఆగి ఆగి పోవడానికి కారణం చాలావరకు వెంట్రుకలే. కుక్క, పిల్లి ఉన్న ఇళ్లకి పోతే విప్పకముందే తెలిసిపోతుంది.

ముందు ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. ఉతికే టబ్బులో పక్కన చిన్న జాలీ ఉంటుంది, దాన్ని బయటికి తీసి పాత టూత్ బ్రష్‌తో కడగండి. చాలామందికి అది బయటికి వస్తుందనే తెలియదు. తర్వాత డ్రెయిన్ పైపు ఎక్కడైనా మడత పడిందా, చివర గడప కంటే ఎత్తులో పెట్టారా చూడండి. సెమీ ఆటోమేటిక్‌లో మామూలుగా నీళ్లు దానంతట అవే కిందకి పోవాలి, పైకి ఎక్కించే మోటారు ఉండదు, పైపు ఎత్తులో ఉంటే నీళ్లు మిగిలిపోయి వెంట్రుకలు అక్కడే పేరుకుంటాయి.

ఇవి రెండూ బాగుంటే తేడా అడుగున ఉన్నట్టు. టబ్బు అడుగున తిరిగే చక్రానికి మధ్యలో ఒక స్క్రూ ఉంటుంది. అది విప్పి చక్రం ఎత్తితే కింద బూడిద రంగులో మందంగా ఒక పొర కనిపిస్తుంది, వెంట్రుకలు, దారప్పోగులు, సబ్బు, బోరు నీళ్ల సున్నం అన్నీ కలిసి నొక్కి పెట్టినట్టుగా ఉంటుంది, చేత్తో లాగితే తాట ఊడినట్టు ఒకే ముక్కగా వస్తుంది. నీళ్లు పోయే దారిలో రబ్బరు వాల్వ్ ఉంటుంది, దాని కింద వెంట్రుకలు ఇరుక్కుంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకోదు, పూర్తిగా మూసుకోదు. అందుకే కొన్ని ఇళ్లలో ఉతుకుతుండగానే నీళ్లు కారిపోతుంటాయి. చక్రం వరకు మీరే చేసుకోవచ్చు. వాల్వ్ మాత్రం తెలిసినవాళ్లతో తీయించండి, స్ప్రింగు సరిగ్గా కూర్చోకపోతే మళ్లీ లీకేజీ వస్తుంది.

ఫ్రంట్ లోడ్ ఉన్నవాళ్లకి: ముందు కింద మూలలో చిన్న తలుపు తీస్తే పంపు ఫిల్టర్ ఉంటుంది. కింద పళ్లెం పెట్టి నిదానంగా తిప్పండి, లోపల మిగిలిన నీళ్లన్నీ బయటికి వస్తాయి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో వేలు పెట్టి తుడవండి, వాసనంతా అక్కడి నుంచే.

యూట్యూబ్ వాళ్లు చెప్పే డ్రైయర్ వేరు, మీ మెషీన్‌లో రెండో టబ్బు వేరు. వాళ్లది వేడి గాలి కొట్టి బట్టల్ని పైకీ కిందకీ దొర్లించే మెషీన్, అది దొర్లిస్తుంటే వెంట్రుకలు గాలికి విడిపోయి జాలీలో పడతాయి. మనది బట్టల్ని గోడకి నొక్కి నీళ్లు పిండేది, గాలి కొట్టదు, దొర్లించదు. అందులో పొడి బట్టలు వేసి తిప్పినా ఒక్క వెంట్రుక రాదు, బరువు ఒకవైపు పడితే మెషీన్ అదురుతుంది కూడా. ఆ సలహా వదిలేయండి.


సీమ గాలి (అనంతపురం)

డ్రైయర్ లేదని బాధ ఎందుకు, మనకి గాలి ఉంది కదా. ఆషాఢంలో మన వైపు వీచే గాలి మామూలుదా, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. బట్టల్ని పూర్తిగా ఆరనిచ్చి, తీగ మీద ఉండగానే వెదురు బద్దతో గానీ చేత్తో గానీ నాలుగు దెబ్బలు కొట్టండి, మిగిలిన వెంట్రుకలు రాలిపోతాయి. తడిగా ఉన్నప్పుడు కొట్టి లాభం లేదు. క్లిప్పులు మాత్రం గట్టివి పెట్టుకోండి, లేకపోతే బట్టలు పక్కింటి మిద్దె మీద ఉంటాయి. గాలితో దుమ్ము కూడా వస్తుంది కాబట్టి ఆరగానే తీసేయడం మేలు.


ఇస్త్రీ షాపు పెద్దాయన (కడప)

అమ్మా, కోటు గురించి ఎవరూ చెప్పలేదు, అది నేను చెప్తాను. మా షాపుకి వకీళ్ల కోట్లు చాలా వస్తాయి.

నల్ల కోటుని వెంట్రుకల కోసం నీళ్లలో వేయొద్దు. కోటు ముందు భాగంలో గుడ్డ లోపల ఇంకో గుడ్డని జిగురుతో అతికించి ఉంటారు, నిలబడి ఉండడానికి. ఇంట్లో నానబెట్టి ఉతికితే ఆ జిగురు అక్కడక్కడ వదిలి గుడ్డ బుడగలు లేస్తుంది, భుజం దిండ్లు ముద్దయిపోతాయి, ఆ తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా కోటు మొదటిలా నిలబడదు. మాటిమాటికీ డ్రై క్లీనింగ్‌కి ఇవ్వడం కూడా అనవసరం, వెంట్రుక మురికి కాదు, పైన కూర్చున్న వస్తువు.

బట్టల బ్రష్ ఒకటి కొనుక్కోండి, కుచ్చు మరీ గట్టిది కాకుండా. కోటుని మందపాటి హ్యాంగర్‌కి వేలాడదీసి, భుజం దగ్గర మొదలుపెట్టి కిందకి ఒకే వైపు లాగండి. కాలర్ ఎత్తి దాని కింద చూడాలి, చేతి మడతలో చూడాలి, వీపు మీద కుర్చీకి ఆనే చోట చూడాలి, ఎక్కువగా ఉండేది ఆ మూడు చోట్లే. మొండిగా ఉన్నవాటికి ప్యాకింగ్ టేపుని జిగురు వైపు బయటికి వచ్చేలా చేతికి చుట్టుకుని అద్ది ఎత్తండి. అద్దాలి, లాగకూడదు. లాగితే గుడ్డ నూగు లేచిపోతుంది, జిగురు కొద్దికొద్దిగా మిగిలి దానికి దుమ్ము పట్టుకుంటుంది. దీనికోసమే రోలర్లు కూడా దొరుకుతాయి, బ్యాగులో ఒకటి పెట్టుకుంటే కోర్టు బయట ఒక నిమిషం పని.

వెంట్రుకలు ఉండగా ఇస్త్రీ పెట్టెని నేరుగా పెట్టొద్దు. వేడికి, బరువుకి అవి గుడ్డలోకి నొక్కుకుపోతాయి, నల్ల గుడ్డ మీద మెరుపు గీతలు కూడా పడతాయి. ముందు బ్రష్ చేసి, పైన పలచటి నూలు గుడ్డ వేసి, అప్పుడు ఇస్త్రీ.

మా వైపు చాలామంది వకీళ్లు కోటుని ఇంటికే తీసుకుపోరు, బార్ అసోసియేషన్ హాల్లోనో సీనియర్ గారి ఆఫీసులోనో వదిలేస్తారు. మీకు అలా కుదిరితే అంతకంటే మంచి ఉపాయం లేదు. కుదరకపోతే ఇంట్లో వేసుకోకుండా కవర్లో పెట్టి తీసుకెళ్లి అక్కడే తొడుక్కోండి, వచ్చేటప్పుడు అక్కడే విప్పి కవర్లో పెట్టండి.

మీ అమ్మగారికి ఒక మాట. నూలు చీరలకి గంజి పెడుతుంటే, గంజిలో ముంచే ముందే చీరని చూసుకోమనండి. గంజితో పాటు వెంట్రుక అతుక్కుంటే అది ఆరాక గుడ్డలో భాగమైపోతుంది, గోరుతో గీకినా రాదు, మళ్లీ తడిపి గంజి వదిలించాల్సిందే. అలాంటి చీరలు మా దగ్గరికి వస్తే వెనక్కి పంపించలేం, కూర్చుని ఒక్కొక్కటీ తీస్తాం, చాలా ఓపిక కావాలి.


సాయినగర్ అడ్వకేట్

అందరికీ చాలా థాంక్స్. మెకానిక్ అన్నా, జాలీ ఇప్పుడే తీసి చూశాను, మీరు చెప్పినట్టే అది నిండి బిగుసుకుపోయి ఉంది. కడిగాక నీళ్లు కొంచెం నయం, చక్రం ఆదివారం విప్పుతాం. పెద్దాయనా, కోటు కవర్ మాట చాలా బాగుంది, సీనియర్ మేడమ్‌ని అడుగుతాను.

రెండు మిగిలాయి. వెనిగర్, సాఫ్ట్‌నర్ వాడొచ్చా? ఇంకోటి, అమ్మ పట్టు చీరలు, అవి మెషీన్‌లో వేసేవి కావు కదా, వాటి మీద పడితే ఏం చేయాలి?


కొత్త ఇల్లు (నంద్యాల రోడ్డు, కర్నూలు)

ఇన్ని తిప్పలు ఎందుకండీ, ఎండాకాలం రాగానే గుండు చేయించేయండి, మా బావ వాళ్లు అదే చేస్తారు. కుక్కకి చల్లగా ఉంటుంది, బట్టలకి వెంట్రుకలూ ఉండవు.


పశువైద్య విద్యార్థి (ప్రొద్దుటూరు)

గుండు మాట చూసి ఆగలేక రాస్తున్నాను. అక్కా, దయచేసి అది చేయించొద్దు. పమేరియన్‌కి రెండు పొరల బొచ్చు ఉంటుంది, పైన పొడుగు వెంట్రుకలు, లోపల మెత్తటి ఉన్ని. ఆ రెండూ కలిసి చలిని ఆపినట్టే ఎండని కూడా చర్మం దాకా రానివ్వవు. గొరిగిస్తే మన ఎండలకి చర్మం కమిలిపోతుంది, కొన్ని కుక్కలకి బొచ్చు తిరిగి సరిగ్గా రాదు, అక్కడక్కడ పాచెస్ మిగులుతాయి. కాళ్ల కింద, మలద్వారం దగ్గర శుభ్రత కోసం కత్తిరించడం వేరు, ఒళ్లంతా గుండు వేరు.

బట్టల మీదకి వచ్చేది ఎక్కువగా ఆ లోపలి ఉన్నే. దాన్ని బట్టల మీద పడకముందే కుక్క ఒంటి మీదే దువ్వి తీసేయాలి. పైపైన దువ్వితే పైవి మాత్రమే నున్నగా కనిపిస్తాయి. ఒక చేత్తో బొచ్చుని పైకి ఎత్తి పట్టుకుని, కింద చర్మం గీతలాగా కనిపించేలా పాయ తీసి, అక్కడి నుంచి బయటికి దువ్వాలి. తొడల వెనక, చెవుల వెనక, మెడ పట్టీ కింద ఎక్కువగా చిక్కుపడుతుంది. వారానికి మూడు నాలుగు సార్లు చేస్తే మంచిది, కాలం మారేటప్పుడు రోజూ చేయాలి. మిద్దె మీదో వరండాలోనో చేయండి, పాత నూలు చొక్కా ఒకటి దానికే పెట్టుకోండి. స్నానం మూడు నాలుగు వారాలకి ఒకసారి చాలు, కుక్కల షాంపూతోనే. మనుషుల షాంపూ వాటి చర్మానికి పడదు, చర్మం పొడిబారితే వెంట్రుకలు ఇంకా రాలతాయి.

మామూలు రాలడం ఏదో, జబ్బు ఏదో కూడా గమనించండి. గుండ్రంగా మచ్చలు పడి అక్కడ బొచ్చు లేకపోయినా, ఎర్రగా ఉన్నా, అదేపనిగా గోక్కుంటున్నా, వాసన వస్తున్నా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. తామర ఉంటే అది రాలిన వెంట్రుకల ద్వారా మనుషులకీ అంటుకుంటుంది, దాని బీజాలు ఇంట్లో నెలల తరబడి బతికి ఉంటాయి. అలాంటప్పుడు మాత్రం దాని గుడ్డలు, దాన్ని ఎత్తుకున్నప్పటి బట్టలు పూర్తిగా వేరుగా, టబ్బు నింపకుండా రెండుసార్లు ఉతకాలి. కర్నూలు అక్క చెప్పిన ఒకే నీళ్ల పద్ధతి అప్పుడు పనికిరాదు.

ఇంకో రెండు ముఖ్యమైనవి. బీరువాలో వేసే కలరా ఉండలు కుక్కలకి, పిల్లులకి విషం, కుక్క పడుకునే దుప్పట్ల మధ్య అస్సలు వేయొద్దు. యూట్యూబ్‌లో చెప్పే డ్రైయర్ షీట్లు కూడా కుక్క నమిలితే నోరు, కడుపు పుండవుతాయి, మన ఇళ్లలో వాటి అవసరమే లేదు.


రెండు లాబ్రడార్ల ఇల్లు (కర్నూలు)

వెనిగర్ సంగతి నేను చెప్తాను చెల్లీ. వెనిగర్ వెంట్రుకని కరిగించదు, అది గుర్తుపెట్టుకో. ఉప్పు నీళ్లలో పౌడర్ నురగ రాదని ఇంకాస్త, ఇంకాస్త వేస్తాం, అది జాడింపులో పూర్తిగా పోక బట్టకి పట్టుకుని గరుకుగా చేస్తుంది, గరుకు బట్టకి వెంట్రుక బాగా పట్టుకుంటుంది. ఆఖరి జాడింపు నీళ్లలో అర కప్పు తెల్ల వెనిగర్ పోస్తే ఆ పౌడర్, సున్నం వదిలి బట్ట మెత్తబడుతుంది. దాని లాభం అంతవరకే. వాసన ఎండకి పోతుంది. ప్రతి ఉతుకుకీ మాత్రం వద్దు, రబ్బరు భాగాలకి మంచిది కాదంటారు. బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకు, విషవాయువు వస్తుంది, బాత్రూంలో తలుపేసుకుని చేస్తే ప్రాణం మీదకి వస్తుంది.

కుళాయి నీళ్లు వచ్చే రోజు ఆఖరి జాడింపుకి ఒక బకెట్ పట్టిపెట్టుకోగలిగితే వెనిగర్ కూడా అక్కర్లేదు.

సాఫ్ట్‌నర్ నేను వాడను, వాసన ఎక్కువ, కుక్కలు ఆ దుప్పటి మీద పడుకోవు.


సీమ గాలి (అనంతపురం)

సాఫ్ట్‌నర్ మీద నాది వేరే మాట. పాలిస్టర్ ప్యాంట్లకి, చున్నీలకి ఆఖరి జాడింపులో కొద్దిగా వేస్తే ఆ కరెంటు పట్టడం బాగా తగ్గుతుంది, మా ఇంట్లో ఎండాకాలం అది లేకుండా కుదరదు. తువ్వాళ్లకి మాత్రం వేయకూడదు, నీళ్లు పీల్చడం మానేస్తాయి. కుక్క గుడ్డలకి వేయకండి, అది నాకుతుంది కాబట్టి.


రెండు లాబ్రడార్ల ఇల్లు (కర్నూలు)

సరే, ఆఫీసు బట్టల వరకైతే నాకూ అభ్యంతరం లేదు.


మగ్గం ఇల్లు (ధర్మవరం)

పట్టు చీరల మాట వచ్చింది కాబట్టి నేను రాస్తున్నా. మేం నేసేవాళ్లం.

పట్టు మీద టేపు పెట్టొద్దు తల్లీ, రోలర్ కూడా వద్దు, ముఖ్యంగా జరీ అంచు మీద. జరీ అంటే దారం చుట్టూ సన్నటి లోహపు రేకు చుట్టి ఉంటుంది, జిగురు దాన్ని పట్టి లాగితే రేకు లేస్తుంది, ఒక్కసారి లేస్తే అది ప్రతిదానికీ తగులుకుంటూనే ఉంటుంది. రబ్బరు గ్లౌజు రాయడం కూడా పట్టుకి మంచిది కాదు, నూగు లేస్తుంది.

నిజానికి పట్టు నున్నగా ఉంటుంది కాబట్టి వెంట్రుక లోపలికి దిగదు, పైనే ఉంటుంది. చీరని కొంగు దగ్గర ఇద్దరు పట్టుకుని మెల్లగా అలలాగా ఊపితే చాలావరకు రాలిపోతుంది. మిగిలినవి ఉతికి ఆరేసిన మెత్తటి మల్లు గుడ్డతో నేత వెంబడి, అంటే పొడుగు వైపు, తేలిగ్గా తుడవండి. తడి వద్దు, నీటి మరక పడితే కొన్ని రంగుల మీద పోదు. జరీలో ఇరుక్కున్నది ఉంటే చిమటాతో ఒక్కొక్కటీ పైకి తీయాలి, పక్కకి లాగకూడదు.

చీరని విడిగా బీరువాలో పెట్టకుండా పాత నూలు పంచెలోనో తెల్ల గుడ్డ సంచిలోనో చుట్టి పెట్టమనండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, గాలి ఆడక జరీ నల్లబడుతుంది. పూజకి కట్టుకునే రోజు చీర ఆ మూటలోంచి దేవుడి గదిలోనే బయటికి తీసి అక్కడే కట్టుకుంటే సరి, మంచం మీద పరిచి కుచ్చిళ్లు సర్దుకునే అలవాటు ఉంటే అక్కడే వెంట్రుకలు ఎక్కుతాయి, కుక్క ఆ మంచం ఎక్కి ఉంటుంది కాబట్టి.


సాయినగర్ అడ్వకేట్

అయ్యా, అమ్మ చీరలు పరిచేది సరిగ్గా స్నోవీ మధ్యాహ్నం పడుకునే మంచం మీదే. ఈ రోజే ఆమెకి చదివి వినిపించాను, పాత పంచెలు రెండు తీసి పక్కన పెట్టుకుంది. ఇంకో సందేహం, ఇప్పటికే బీరువాలో ఉన్న చీరల మడతల్లో ఉన్నవాటికి అన్నీ విప్పాల్సిందేనా?


మగ్గం ఇల్లు (ధర్మవరం)

విప్పండి, ఎలాగూ పట్టు చీరని మూడు నాలుగు నెలలకి ఒకసారి విప్పి మడత మార్చాలి, లేకపోతే ఒకే మడత దగ్గర జరీ విరిగి చీర చిట్లుతుంది. ఎండలో కాదు, నీడపట్టున, ఫ్యాన్ ఆపి. కింద నేల తుడిచి తెల్ల దుప్పటి పరుచుకోండి, రాలినవి కనిపిస్తాయి. కుక్కని ఆ పూట వేరే గదిలో ఉంచండి.